ఎంక్వైరీకి వచ్చే మనిషి

మొన్న కలకత్తా బెహాలాలో మా ఫ్లాటు కిందున్న జెరాక్సు షాపులో నిలబడి ఉండగా, షాపతను ఎవరి కాయితం మీదో ముద్ర వెయ్యడానికి చిన్న రేకు డబ్బా మూత తీశాడు. ఊదారంగు సిరా వాసన గుప్పుమంది. నలభై దాటినదాన్ని, ఒక బడిలో పాతికమంది టీచర్ల మీద అజమాయిషీ చేసేదాన్ని, ఆ షాపు మెట్ల మీదే కూలబడ్డాను. అతను పాపం మంచినీళ్ళిచ్చి, బీపీ చూపించుకోండి దీదీ అన్నాడు. బీపీ కాదు నాయనా, ఇది పదేళ్ళ వయసులో పట్టుకున్న భయం, దీనికి మాత్రలు లేవు అని అతనికి ఎలా చెప్పను?

ఏక్‌బాల్‌పూర్‌లో నా చిన్నప్పుడు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుపోవలసినంత ఇరుకు సందు చివర బంగారమ్మగారి వాకిలి ఉండేది. వాకిలంటే చుట్టూ పదకొండు రేకుల గదులు, మధ్యలో ఒక కుళాయి, అంతే. గదుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళే. పొద్దున్నే పొయ్యిల్లోంచి లేచే బొగ్గు పొగ, ఆవనూనె ఘాటు, ఎవరింట్లోనో కాలుతున్న ఎండు నెత్తళ్ళ వాసన, గంగ మీంచి వచ్చే తడి తాళ్ళ వాసన, నాన్నల ఒంటిమీద గోనెల వాసన అన్నీ కలిసి ఒకే గాలై ఆ వాకిట్లో తిరిగేవి. వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళొస్తే మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని, వాటిమీదెక్కి కూర్చుని, మెటియాబ్రుజ్ దర్జీలు పారేసిన రంగురంగుల పీలికలతో బొమ్మలకి చీరలు కడుతూ, అచ్చంగాయలాడుతూ ఆడపిల్లలం పొద్దుపుచ్చేవాళ్ళం. విశ్వకర్మ పూజ రోజున ఆకాశంలో ఖాళీ ఉండేది కాదు, అన్నీ గాలిపటాలే. ఆ తర్వాత దుర్గాపూజలొస్తున్నాయనగా దూరాన ఢాక్ డోళ్ళ మోత మొదలై మాకు అన్నం సహించేది కాదు. మన పండగలకి అమ్మలు అరిసెలో పొంగడాలో వండి, పళ్ళెంలో పెట్టి, మీద శుభ్రమైన గుడ్డ కప్పి, గదిగదికీ పంపేవారు.

ఆ పళ్ళేలంటేనే మా అమ్మకి భయం.

మేం మాలలం. ఇంత చిన్న వాక్యాన్ని ఆ వాకిట్లో నేనెప్పుడూ పైకి అనలేదు. మా అమ్మానాన్నా కొత్తగా పెళ్ళై కలకత్తా వచ్చినప్పుడు రెండుచోట్ల తెలుగువాళ్ళే గది లేదు పొమ్మన్నారట. మూడోచోట, ఇక్కడ, నాన్న ట్రంకుపెట్టెతో సందులో నిలబడి ఉండగా బంగారమ్మగారు అమ్మని లోపలికి పిలిచి, పరాయి ఊళ్ళో తెలుగువాళ్ళు తెలుగువాళ్ళని మొట్టమొదట అడిగే ప్రశ్నే అడిగింది. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏటోళ్ళు? అమ్మ ఒక్క క్షణం ఆగి, కాపులమని చెప్పింది. బంగారమ్మగారూ కాపులే. గది దొరికింది, పైగా కోడలా అనే పిలుపు కూడా దొరికింది. మా బెంగాలీ ఇరుగుపొరుగుకి ఇదంతా పట్టేది కాదు, వాళ్ళ లెక్కలో మేమంతా ఒకే రకం.

ఆ ఒక్క మాటని నిలబెట్టడానికి మా ఇంట్లో ఎన్ని నియమాలో. మా ఊరి పేరు చెప్పొచ్చు గాని ఏ వీధో చెప్పకూడదు. ఊరి నుంచి ఉత్తరమొస్తే నాన్న చదివి చింపెయ్యాలి. బళ్ళో మా పేర్ల చివర రావు అని తగిలించారు. మా మామ్మ ఒక్కసారే వచ్చింది, ఉన్న పది రోజులూ అమ్మ ఆమెని కుళాయి దగ్గరికి ఒంటరిగా పంపలేదు. ముసలిది నన్నేటి జైల్లో ఎట్టినారా అని ఏడ్చి వెళ్ళిపోయింది. బంగారమ్మగారు మా అరిసె తింటూ బాగుందంటే, ఆమె నోరు తుడుచుకునేదాకా అమ్మ గుడ్లప్పగించి చూసేది. నాకు కారణం తెలియని రోజుల్లో కూడా ఆ చూపు చూసి భయం వేసేది.

మా అప్ప, అంటే అక్క, సత్యవతి నాకన్నా పదేళ్ళు పెద్దది. చదువంటే ప్రాణం. రేకు గదిలో వేసవిలో తడిగుడ్డ నెత్తిమీద వేసుకుని చదివి బడికే మొదటిదిగా పాసైంది, తర్వాత టైపు నేర్చుకుంది. ఆ ఏడాది సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా పోస్టులు పడ్డాయి. నాన్న ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక పాత కాయితం తీశాడు, ఊళ్ళో తాసీల్దారు ఎప్పుడో ఇచ్చిన కులం సర్టిఫికెట్. దాన్ని చూపిస్తే ఇక్కడి ఆఫీసు వాళ్ళు ఎంక్వైరీ చేసి అప్పకి కొత్తది ఇస్తారట. అప్పటికి నాన్న దగ్గు ముదిరింది. గోనెల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇంక బరువు మొయ్యొద్దని డాక్టరు చెప్పేశాడు. రేవులో కూడా మనుషులతో పని తగ్గిపోతోంది. అప్పకి ఈ ఉద్యోగం రాకపోతే మేం మళ్ళీ ఊరెళ్ళి, ఏ వీధి పేరు దాచుకున్నామో ఆ వీధిలోనే కూలికి పోవాలి.

అయితే అప్ప ఆ కాయితం వద్దంది. అప్పకి ఉచితంగా చదువు చెప్పిన నిమాయ్ మాస్టారి ప్రభావమది. చాలా మంచివాడు, ఎర్రజెండా పార్టీ మనిషి. బెంగాల్లో కులం లేదనీ, అది మీ దక్షిణాది జబ్బనీ, ఇక్కడున్నదల్లా ఉన్నవాడూ లేనివాడూ అనీ ఆయన గట్టి నమ్మకం. ఆయన ఇంటి మరుగుదొడ్డి కడగడానికి ఎవరొచ్చేవారో, ఏ గుమ్మంలోంచి వచ్చేవారో ఆయనెప్పుడూ గమనించినట్టు లేదు. ఇంత తెలివైన పిల్ల మెరిట్ మీద దర్జాగా వెళ్ళకుండా పక్క తలుపులోంచి దూరడమేమిటని బాధపడ్డాడు. అప్ప అదే మాట ఇంటికొచ్చి చెప్పింది.

నాన్న సాధారణంగా గొంతెత్తే మనిషి కాదు. ఆ రోజు మాత్రం దగ్గు ఆపుకుంటూ చెప్పాడు. "పాతికేళ్ళు గోనెలు మోసినాను. సరుకెక్కించి లెక్క రాసే పని నాకొచ్చు, రేవు బాబులకీ తెల్సు. అయినా ఆ కుర్సీలోకి ఆల మేనల్లుళ్ళొచ్చి కూకున్నారు. అప్పుడేటైందమ్మా నీ మెరిట్టు?" అప్ప కలం తీసుకుంది. దరఖాస్తు మీద సంతకం పెట్టింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

అది దేశమంతా రిజర్వేషన్ల గొడవతో అట్టుడుకుతున్న కాలం. ఒకరోజు కిరాణా కొట్లో పప్పు పొట్లం కట్టిన పత్రికలో ఒక కుర్రాడి బొమ్మ చూశాను. ఒంటికి నిప్పంటుకుని నిలబడి ఉన్నాడు. ఉద్యోగాలు వాళ్ళకిస్తున్నారని కాల్చుకున్నాడని కొట్టతను ఎవరితోనో చెబుతున్నాడు. ఆ వాళ్ళెవరో నాకు ఇంటికొచ్చాక తెలిసొచ్చింది. మా అప్ప పెట్టిన సంతకం వల్లే ఆ అబ్బాయి కాలిపోయాడని నా చిన్న బుర్రకి తట్టింది. ఎవరికీ చెప్పుకోలేక మూడు రోజులు జ్వరం తెచ్చుకున్నాను. ఆ గొడవ బీసీల రిజర్వేషన్లదనీ, మాది వేరనీ చెప్పేవాళ్ళెవరూ లేరు, చెప్పినా నేను నమ్మేదాన్ని కాను.

ఇంట్లో ఎంక్వైరీ అన్న మాట మొదలైంది. ఎంక్వైరీకి మనిషొస్తాడు, ఇరుగుపొరుగుని అడుగుతాడు. సందులో కొత్త చెప్పుల చప్పుడైతే చాలు అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. ప్యాంటు వేసుకున్న ప్రతి మగాణ్ణీ నేను గుమ్మం వెనక నుంచి చూసేదాన్ని. బీమా ఏజెంటొచ్చినా, కరెంటు మీటరు చూసేవాడొచ్చినా నాకు ఒంటికొచ్చేసేది.

తీరా అతను విశ్వకర్మ పూజ నాడే వచ్చాడు. ఆ పూట రేవుకి సెలవు, వాకిట్లో అందరూ ఉన్నారు, పిల్లలంతా రేకులెక్కి గాలిపటాలు తెగ్గొడుతూ కేకలేస్తున్నారు. బట్టతల, చంకలో సంచీ, చేతిలో ఆ రేకు డబ్బా, ఊదారంగు సిరా. అతను మంచివాడే. కుళాయి పక్కన స్టూలు వేయించుకుని, మెల్లిగా, వాకిలి యజమాని ఎవరని అడిగాడు. బంగారమ్మగారు చెంగు సర్దుకుని వచ్చింది. వీళ్ళు ఎలాంటివాళ్ళని అతను అడగడమే తడవు, మాకేదో మేలు చెయ్యాలన్న ఉత్సాహంతో ఆమె తనకొచ్చిన బెంగాలీ అంతా బయటికి తీసింది. చాలా మర్యాదస్తులని, ఇరవయ్యేళ్ళ పైనుంచీ ఎరుగుదునని, నా కోడలు లాంటిదని చెప్పింది. చివరగా, అతనికి బాగా అర్థమయ్యేలా, వీళ్ళు కాపులు బాబూ, మా దేశంలో పెద్ద రైతు కులం, మా కులమే అని నొక్కి మరీ చెప్పింది.

అతను కలం ఆపి నాన్నవైపు చూశాడు. అతని చేతిలో మాలలమని రాసున్న ఊరి కాయితముంది. ఏమిటిది రావుబాబూ అన్నట్టు కనుబొమలెత్తాడు. వాకిలంతా చూస్తోంది. నాన్న ఒక్క మాటంటే సరిపోయేది. ఆయన నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ గుమ్మం వెనక్కి తప్పుకుంది. సర్టిఫికెట్ వద్దని ఏడ్చిన అప్ప, నాన్న మొహం చూసి మొహం తిప్పుకుంది. అతను ఏదో రాసుకుని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. బంగారమ్మగారు గర్వంగా, నాను మీకు మంచిగానే సెప్పినాను అంది.

మర్నాడు నాన్న ఆ ఆఫీసుకెళ్ళి ఉన్నమాట చెప్పుకున్నాడు. పై వారంలోగా ఆ యజమానురాలే తను పొరపాటు పడ్డానని వేలిముద్ర వేస్తే గాని కాయితం కదలదన్నారు. నాన్న ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను చెప్పిన అబద్ధం నేనే విప్పుకుంటానంది అమ్మ.

మిట్టమధ్యాహ్నం, మగాళ్ళు పనుల్లో ఉన్న వేళ వెళ్ళింది. ఎవరైనా వస్తే చెప్పమని నన్ను సందు మొదట్లో నిలబెట్టింది గాని, నేను గోడపక్కనే ఉండిపోయాను. బంగారమ్మగారు చేటలో బియ్యంలో రాళ్ళేరుతోంది.

"పెద్దమ్మా, నాను మీకాడ అబద్దమాడినాను. మేం కాపులం కాదు. మాలలం."

రాయి తీసి పక్కన పెట్టిన చప్పుడు, మళ్ళీ ఇంకో రాయి. ఆమె అరుస్తుందని, పదకొండు గదులూ లేచి వస్తాయని, సామాన్లు సందులోకి విసురుతారని నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇంకెవులికి తెల్సు?"

ఎవరికీ తెలియదంది అమ్మ.

"అయితే నా నోటంట రాదు. పిల్ల కాయితం మీద ఏలేత్తాను." అమ్మ లేచి నిలబడ్డాక ఆమె తలెత్తకుండానే అంది. "రేపు బొగ్గు రజను వొత్తాది. వొచ్చి గుల్ సేసి పో, ఓలే."

కోడలా అన్న పిలుపు ఆ పూటతో పోయింది.

గుల్ అంటే బొగ్గు రజనులో మట్టి కలిపి, చేత్తో చేసి ఎండబెట్టే ఉండలు. అప్పుడు పేదల పొయ్యిలన్నీ వాటితోనే మండేవి. మర్నాడు మొదలుపెట్టి ఏడేళ్ళపాటు బంగారమ్మగారి పొయ్యికి గుల్ మా అమ్మే చేసింది. తర్వాత వాకిలి కాలవ తియ్యడం కూడా అమ్మ పనైంది. పిలిస్తే చాలు, తింటున్న కంచం ముందునుంచి లేచి పరుగెత్తేది. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు, పాపం అని మిగతావాళ్ళతో చెప్పేది. బంగారమ్మగారు మాట మాత్రం తప్పలేదు, ఒక్కరికీ చెప్పలేదు. పండక్కి మా పళ్ళెం వెళ్తే అందరి ముందూ తీసుకునేది. తర్వాత ఆ అరిసెలు సందులో మేకలకి పడేయడం నేను చూశాను, అమ్మకి చెప్పలేదు. ఆవిడ దుర్మార్గురాలు అనుకుంటే నాకు సులువయ్యేది. ఆమె మాకు సాయం చేసింది, చేసినదాని ఖరీదు రోజూ కొంచెం కొంచెంగా పుచ్చుకుంది.

అప్పకి ఉద్యోగం వచ్చింది. పరీక్షలో అప్పకన్నా తక్కువ మార్కులొచ్చినవాళ్ళు రిజర్వేషన్ లేని జనరల్ లిస్టులోనూ ఉన్నారని తర్వాత తెలిసింది. మొదటి నెలలోనే ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది, పక్క బల్ల ఆయన టీ ఇప్పిస్తూ నవ్వుతూ అన్నాడట, మేం చదివి తెచ్చుకున్నాం, మీకేం, ఊరికే వచ్చింది అని. అప్ప ఆ మాటని బెంగాలీలోనే చెప్పింది. అమ్మకి ఆ భాష అంతగా రాదు. కుళాయి దగ్గర మోచేతుల దాకా నల్లటి చేతులతో కూర్చుని గుల్ చేస్తున్న అమ్మ తలతిప్పి, ఏటన్నాడమ్మా అని అడిగింది. ఏమీ లేదమ్మా, బాగా పని చేస్తన్నానన్నాడు అంది అప్ప. అమ్మ సంతోషపడింది.

అప్పకి క్వార్టరు వచ్చాక ఆ వాకిలి వదిలేశాం. నాన్న అందులో రెండేళ్ళు బతికాడు. అమ్మ మాత్రం చివరిదాకా, ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి లేచేది.

ఇప్పుడక్కడ ఐదంతస్తుల బిల్డింగు. బంగారమ్మగారు పోయింది, కుళాయి పోయింది. గుల్ అంటే ఏమిటో మా అమ్మాయికి తెలియదు, ఆ వాకిట్లో మాట్లాడిన తెలుగూ దానికి సగమే అర్థమవుతుంది. అప్ప ఇంకో ఆరేళ్ళలో రిటైరవుతుంది. దాని ఆఫీసులో ఆ మాట అనే మనుషులు మారారు గాని మాట పోలేదట. నేను మాత్రం ఆ కాయితం జోలికి పోలేదు. మెరిట్ మీదే వచ్చానని అందరూ మెచ్చుకుంటారు. ఆ కాయితం అడగనిది భయంతో అని వాళ్ళకి తెలియదు.

నిన్న మా అమ్మాయి కాలేజీ ఫారం నింపుతూ, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, అమ్మా, మనం ఏమిటి, ఇక్కడేం రాయాలి అని అడిగింది. పదిహేడేళ్ళ పిల్లకి నేనింతవరకూ చెప్పలేదు. మా బిల్డింగులో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకొకరు లేరు. అయినా నేను లేచి వెళ్ళి, కిటికీ తలుపులు మూసి వచ్చాకే చెప్పాను.