అక్క పేరు పక్కన పసుపు గుర్తు

రాప్తాడులో మా మహిళా సంఘం ఆఫీసు హైవే పక్కన, టైర్ల అంగడి మీద మేడలో ఉంది. ఎండాకాలం ఏ ఊరికి నీళ్ల ట్యాంకరు పోవాలో అక్కడే తేలుతుంది. ఊళ్లలో బోర్లకు మీటర్లు బిగించారు. వాటి లెక్క ఒక కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. ట్యాంకర్ల లెక్క ఇంకొకరి దగ్గర, వాన లెక్క మరొకరి దగ్గర. మా సాఫ్ట్‌వేర్ పొద్దున్నే అందరి తలుపూ తట్టి, లెక్కలు తెచ్చుకుని, తప్పులు ఏరి, ఒక్క పట్టికగా చేస్తుంది. అట్లా తట్టడానికి పెట్టుకున్న దారిని కనెక్షన్ అంటాం. ఒక్కో కనెక్షన్‌కు ఒక మనిషి పేరు, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. అవి సరిపోతేనే అవతలి వాళ్లు తలుపు తీస్తారు.

మీటర్ల కనెక్షన్ అక్క పేరు మీద ఉండేది. తోడబుట్టిన అక్క కాదు, సంఘంలో మా అందరికీ పెద్దది. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే, ఆ కంప్యూటరు ముందే. తెర మీద ఏముంటే అదే ఆ రోజు పాఠం. అందుకే నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట ఆమె పేరు. నా పేరు రాయడం తర్వాతెప్పుడో వచ్చింది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, అక్క పట్టిక చూస్తూ తనకల్లు దగ్గరున్న మా పుట్టినూరి వరుస మీద వేలు ఆపింది.

"మీ ఊరి బోరు బాగానే ఉండాది పో. ఇంకో నెలకు భయం లేదు" అంది.

మరుసటి రోజు ఆమె రాలేదు. నిద్రలోనే గుండె ఆగిందని చెప్పారు.

దినాలు అయ్యాయి. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. కంప్యూటరు తెరిస్తే కనెక్షన్ల పేజీలో అన్నిటికంటే పైన ఆమె పేరే. పక్కన ఆకుపచ్చ చుక్క. మేము మెట్లెక్కి వచ్చేలోపే ఆమె వచ్చి పని మొదలుపెట్టినట్టు ఉండేది. తర్వాత కొన్నాళ్లకు ఆ చుక్క పోయి పసుపు గుర్తు వచ్చింది.

ఆకుపచ్చ ఉంటే బాగున్నట్టు, ఎరుపు వస్తే ఫోన్ చేయాలని మాకు నేర్పారు. పసుపు సంగతి చెప్పలేదో, చెప్పినా మాకు పట్టలేదో. అక్క ముత్తయిదువగా పోయింది. ముఖం నిండా పసుపు పూసి సాగనంపాం. ఆ పేరు పక్కన మళ్లీ పసుపు కనబడితే మాకెవరికీ కీడు తోచలేదు. మాలో ఒకామె తెరకు దండం కూడా పెట్టుకుంది. రోజూ ఒక చిన్న పెట్టె తెరుచుకుని కొత్త పాస్‌వర్డ్ అడిగేది. ఇవ్వాలంటే ముందు ఆమె పేరు తీయాలి. ఎవరికీ చేయి రాలేదు. "తర్వాత" అని ఉన్న చోట నొక్కి పనిలో పడేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఊరి నుంచి మా తమ్ముని భార్య ఫోన్ చేసింది. బోరు ఎండిపోయిందట. ట్యాంకరు కోసం రోడ్డు మీద బిందెలు వరుసగా పెట్టి, చిల్లకంప చెట్ల నీడలో కాచుకుని ఉన్నారట. పట్టిక చూశాను. నాలుగు వందల పది అడుగుల్లో నీళ్లున్నాయని చూపిస్తోంది. అదే చెప్పాను.

"ఏం వదినా, మీ పెట్టెలో నీళ్లుండాయా? అయితే ఆ పెట్టెనే పంపీ. పిండుకుని తాగుతాం" అంది.

నాకు నవ్వు రాలేదు. నాలుగు వందల పది. ఆ సాయంత్రం అక్క వేలు ఆపిన అంకె అదే. వెనక్కి పోయి ఒక్కో రోజూ చూశాను. అంతటా అదే. ఆమె మాట ఇంకా ఆ గడిలో ఉంది. భయం లేదు, భయం లేదు అని రోజూ చెబుతోంది.

అనంతపురంలో సాఫ్ట్‌వేర్ చూసుకునే ఆయనకు ఫోన్ చేసి పసుపు గుర్తు సంగతి అడిగాను.

"పసుపంటే పాతదమ్మా. పాస్‌వర్డ్ గడువు అయిపోయి అవతల తలుపు తీయడం ల్యాదు. లోపల దాచుకున్న పాత లెక్కనే మళ్లీ మళ్లీ చూపిస్తాండాది" అన్నాడు.

మిగతా ఊళ్లకు ముందునుంచే ట్యాంకరు పోతోంది. అక్క పోయేనాటికి నీళ్లున్నది మా ఊరొక్కటే. అందుకే ఆ పాత లెక్క నమ్మి మేము ట్యాంకరు పంపనిది ఆ ఊరికే.

కనెక్షన్ తీసేయవద్దని, తీసేస్తే పట్టిక మొత్తం కూలుతుందని, పేరు మాత్రం మార్చమని ఆయన చెప్పాడు. నా పేరు మీద కొత్త పాస్‌వర్డ్ కూడా ఇప్పించాడు. ఆఫీసులో అందరూ నా వెనక చేరారు. ఎవరూ ముందుకు రాలేదు. దండం పెట్టుకున్న ఆమే మెల్లగా అంది.

"నువ్వే తియ్యి. నీకు అచ్చరాలు నేర్పింది ఆయమ్మే కదా."

పేరు మొత్తం ఒకేసారి చెరిపే మీట ఉందని నాకు తెలుసు. అది నొక్కలేకపోయాను. చివరి అక్షరం నుంచి వెనక్కి ఒక్కొక్కటే చెరిపాను. మొదటి అక్షరం ఒక్కటే మిగిలినప్పుడు, నేర్చుకున్న నాటి అలవాటున నోరు దాన్ని పలికింది. తర్వాత అదీ పోయింది. ఆ ఖాళీలో నా పేరు కొట్టాను.

తెర మీద చక్రం చాలాసేపు తిరిగింది. నాలుగు వందల పది పోయింది. దాని స్థానంలో, మీటరుకు నీళ్లు అందడం లేదని వచ్చింది. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క.

పొద్దు వాలేలోపు ట్యాంకరు ఊరు చేరింది. మా తమ్ముని భార్య మళ్లీ ఫోన్ చేసింది. వెనక బిందెల చప్పుడు.

"వచ్చినాది వదినా. నీళ్లు ఎర్రగా ఉండాయిలే, తేరుకుంటే తాగొచ్చు" అంది.

ఇప్పుడు పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే పైన నా పేరు ఉంటుంది, నేను మెట్లెక్కకముందే వచ్చి కూర్చున్నట్టు. దాని వైపు ఎక్కువసేపు చూడలేను. దండం పెట్టుకున్న ఆమెను పక్కన కూర్చోబెట్టి, పేరు మార్చడం నేర్పాను. నేను పోయిన రోజే మార్చు, దినాలదాకా ఆగొద్దు అని చెప్పాను. అట్లాంటి మాటలు వద్దని ఆమె నా నోరు మూసింది. మళ్లీ చెప్పాను. ఆమె సరే అనేదాకా కుర్చీలోంచి లేవలేదు.