గుమ్మడి బీరులో పటిక

అరబ్బు దేశంలో, దుఖాన్ అనే చమురు ఊళ్ళో, ఒక తెలుగు ఇంజనీరు ఇంట్లో వంట చేసేదాన్ని. ఇంటాయన తనతో పనిచేసే తెల్లదొర దగ్గర నేర్చుకుని, గుమ్మడికాయ ఉడికించి ప్లాస్టిక్ పీపాలో బీరు పులియబెట్టేవాడు. అది ఎప్పుడూ కుడితిలా మసగ్గా ఉండేది. స్నేహితులు గ్లాసు ఎత్తి చూసి నవ్వేవారు. వాళ్ళు వెళ్ళగానే, పీపా కదిపి మడ్డి లేపింది నువ్వేనంటూ అమ్మగారిని గోడకేసి కొట్టేవాడు. ఒకసారి ఆవిడ చెవిలోంచి రక్తం కారింది.

బీరు తేటగా ఉంటే ఆవిడకు దెబ్బలు తప్పుతాయనుకున్నాను. మా ఊళ్ళో కాలవ నీళ్ళు తేరడానికి బిందెలో పటిక తిప్పుతాం. పీపాలోనూ అలాగే తిప్పాను. మర్నాటికి మడ్డి అడుక్కి దిగి, పైన బంగారు రంగు తేరింది.

ఇంటాయన మురిసిపోతూ గ్లాసు నింపుకున్నాడు. మొదటి గుక్కే ఉమ్మేశాడు. అంత వగరు.

"ఏం కలిపావే దరిద్రపుదానా?" అంటూ అమ్మగారి జుట్టు పట్టుకుని తలను వంటింటి గట్టుకేసి మోదాడు.

"ఆవిడ కాదండీ, నేను! పటికేశాను!" అని అరిచాను.

వినకుండా ఖాళీ సీసా ఎత్తాడు. ఆ మణికట్టు పట్టుకుని పళ్ళు ఎముకకు తగిలేదాకా కొరికాను. సీసా కిందపడి పగిలింది.

"పోలీసుల్ని పిలిచి నిన్ను జైల్లో తోయిస్తానే!"

అమ్మగారు నెత్తురు తుడుచుకుంటూ ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"పిలవండి. పీపా చూపిస్తాను. ఇంట్లో మందు కాచినవాణ్ణి ఈ దేశంలో ఏ జైల్లో పెడతారో చూద్దాం."

ఆయన ఫోను ముట్టుకోలేదు. పీపాను మాత్రం అమ్మగారు పారబోయనివ్వలేదు. నేనున్నన్నాళ్ళూ అది ఆవిడ తాళం వేసుకున్న గదిలోనే ఉంది. ఆయన మళ్ళీ చెయ్యెత్తలేదు.