క్లెగ్ గారి సంతకం

నడీన్ హార్గ్రీవ్స్ మా లాయర్ల ఆఫీసులో ఇళ్ళ అమ్మకాల ఫైళ్ళు చూస్తుంది. పన్నెండేళ్ళయింది. నేను ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లెత్తుతాను. మా ఊరు బర్న్లీలో సగం ఇళ్ళ తాళాలు మా చేతుల మీదుగానే మారాయి.

నలభై నాలుగో ఏట ఆమెకు సొలిసిటర్ కావాలనిపించింది. చరిత్రలో డిగ్రీ ఉంది. మూడు దారులున్నాయని టీ కాస్తూ చెప్పింది. మాంచెస్టర్ వెళ్ళి కాలేజీలో చేరడం. ఆరేళ్ళు అప్రెంటిస్‌గా ఉండటం. లేదా ఇక్కడే పనిచేస్తూ సొలిసిటర్ల పరీక్ష రాయడం. మూడోదానికి రెండేళ్ళ పని అనుభవం కావాలి. ఇదివరకు చేసిందైనా సరే, చేసిందని ఓ సొలిసిటర్ సంతకం పెట్టాలి.

"కాలేజీకి వెళ్ళరాదూ?" అన్నాను.

"అందరూ మా అమ్మాయి ఈడువాళ్ళు. నోట్సు నన్నే రాసిపెట్టమంటారు."

"అప్రెంటిస్?"

"ఆరేళ్ళా, బెరిల్? మోకాళ్ళు కూడా ఒప్పుకోవద్దూ?"

ఇక మిగిలింది మూడోది. అది మా యజమాని, సొలిసిటర్ క్లెగ్ గారి దగ్గర ఆగింది.

"టైపు నువ్వు చేశావమ్మా. పని నాది," అన్నారాయన. "ఏ ఉత్తరమైనా తీసి చూడు."

ఉత్తరం పైన ఓ మూల పేర్ల పొడి అక్షరాలు వేస్తాం. ముందు సొలిసిటర్‌వి, ఒక గీత, తరవాత టైపు చేసినవాళ్ళవి. బుర్ర ఎవరిదైనా వరస అదే. పన్నెండేళ్ళుగా ప్రతి ఉత్తరం మీదా ఆయన ముందు, నడీన్ వెనక.

నడీన్ లేచి వెళ్ళింది. ఓ లావుపాటి ఫైలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇందులో మీరు రాసినవి ఏరి పెట్టండి, క్లెగ్ గారూ."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. తలుపు తెరిచే ఉంది. నేను మోగుతున్న ఫోను ఎత్తి, కాసేపు ఆగమన్నాను.

"ఇదిగో. మురుగు గొట్టం పక్కవాళ్ళ పెరట్లోంచి పోతోందని పట్టుకున్న ఉత్తరం. ఎంత మర్యాదగా అవతలివాళ్ళ పీక నొక్కానో చూడు. ఇది నేను తప్ప ఎవరు రాస్తారు?"

"తేదీ చూడండి."

చూశారు.

"ఆ వారం మీరు సెలవు పెట్టి టెనెరీఫ్ దీవిలో ఉన్నారు. మాకు గాడిద బొమ్మ పోస్టుకార్డు పంపారు."

ఆయన ఆ ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివారు. ఈసారి నెమ్మదిగా.

"సంతకం పెడితే నువ్వు గొప్ప సొలిసిటర్‌వని నేను పూచీ పడ్డట్టా?"

"కాదు. పని చేశానని చెప్పినట్టు, అంతే. గొప్ప సంగతి పరీక్ష పెట్టేవాళ్ళు చూసుకుంటారు."

"అయితే నయమే."

కలం మూత తీసి ఆమె అనుభవం కాగితం మీద సంతకం పెట్టారు. కాగితం ఇవ్వబోయి ఆగారు.

"పరీక్ష ఎప్పుడు?"

"జనవరిలో. అంతకుముందు రెండు వారాలు సెలవు కావాలి."

క్లెగ్ గారు కిటికీలోంచి వాన చూశారు.

"జనవరిలో ఇళ్ళెవరు కొంటారులే," అన్నారు.