నేను పెట్టని అయిదో గడి

ఇంగ్లీషు క్రియాపదాల తప్పులు ఎట్లా పట్టుకోవాలో చెప్పే గైడ్లు చిత్తూరు పుస్తకాల కొట్లలో ఎన్నైనా దొరుకుతాయి. అయినా ఇది రాయడానికి ఒక కారణం ఉంది. ఆ గైడ్లలో లేని తప్పొకటి నేను ఏళ్ళ తరబడి చేశాను. నాలాగా కోచింగు లేకుండా లైబ్రరీలో కూర్చుని చదువుకున్నవాళ్ళు ఇంకా చాలామంది అదే చేస్తున్నారని అనుకుంటున్నాను. ఆ తప్పును నాకు చూపించిన మనిషంటే నాకు అసూయ. అది దాచి రాస్తే మీకు విషయం సగమే అందుతుంది. అందుకే రెండూ రాస్తున్నాను.

మా నాయన టైలరు. నేను బట్టల కొట్లో బిల్లులు కొడుతూ దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాను. బ్యాంకు క్లర్కు పరీక్ష ఏటేటా రాస్తున్నా వరసగా పోతూ వచ్చింది. లెక్కలు, రీజనింగు గట్టెక్కేవి. ఇంగ్లీషు దగ్గర కటాఫ్ తప్పేది. నేను చెప్పబోయే ఏటికి, వయసు ప్రకారం నాకు మిగిలింది ఒక్క అవకాశం. అది కూడా పోతే కొట్లోనే ఉండిపోవాలి.

విచిత్రమేమిటంటే లైబ్రరీలో ఇంగ్లీషుకు నన్నే అడిగేవారు. "ఆ కిటికీ కాడ కూర్చోనుండే పాపను అడగండప్పా, ఆ పాపకు తెలియంది లేదు" అని లైబ్రరీ సారు అందరినీ నా బల్ల దగ్గరికి పంపేవాడు. నేను సూత్రం చెప్పి ఊరుకునేదాన్ని కాదు, తప్పు ఎక్కడ పుడుతుందో చెప్పేదాన్ని. మనం తెలుగులో "ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నాను" అంటాం కాబట్టి ఇంగ్లీషులో 'యామ్ వర్కింగ్' అని రాసేస్తాం, అక్కడ 'హ్యావ్ బీన్ వర్కింగ్' రావాలి. గడిచిన కాలం 'డిడ్'లోనే ఉంది కాబట్టి దాని వెనక 'వెంట్' రాకూడదు, 'గో' చాలు. 'ఎ బాక్స్ ఆఫ్ మ్యాంగోస్' అన్నప్పుడు మన కళ్ళు మామిడిపండ్ల మీద పడి 'ఆర్' అంటాయి. క్రియ కలవాల్సింది పెట్టెతో, పండ్లతో కాదు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. పాత వ్యాకరణ పుస్తకాలు ఒకటికి రెండుసార్లు చదివి నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

అప్పుడు వచ్చింది బంగారుపాళ్యం అమ్మాయి. వాళ్ళకు మామిడి తోట ఉంది. తిరుపతిలో హాస్టల్లో ఉండి కోచింగు తీసుకుంటూ, ఇంటికి వచ్చిన వారాల్లో స్కూటీ మీద మా లైబ్రరీకి వచ్చేది. నాకంటే చాలా చిన్నది. మొదటిరోజే నాకు ఎదురు కుర్చీలో కూర్చుని, "అక్కా, ఈడ ఫ్యాను గాలి బాగా వస్తాది కదా" అంది. ఆ కుర్చీ మీద నేను సంచి పెట్టుకునేదాన్ని. తీసేశాను.

ఆమెకు సూత్రాలు రావు. ఒక కుర్రాడు ఏదో వాక్యం చూపించి 'ఈజ్' ఎందుకు రావాలి అని అడిగితే, "ఏంటికో నాకేం తెల్సన్నా. మధ్యలో ఉండేది వేలితో మూసేసి చదువు, ఏది బాగుందో అది పెట్టు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తర్వాతి వారం ఆ కుర్రాడు నా దగ్గరికి రాకుండా ఆమె దగ్గరికే వెళ్ళాడు. ఇంకో నెలకు లైబ్రరీ సారు కూడా "మన బంగారుపాళ్యం పాప" అనడం మొదలుపెట్టాడు. ఆ 'మన' నన్ను పట్టుకుని వదల్లేదు. ఇన్నేళ్ళలో నేను కిటికీ కాడ పాపనే తప్ప మన పాపను కాలేదు.

ఆమె స్కూటీని చూసి అసూయపడలేదు, హాస్టలు ఫీజు చూసి కూడా కాదు. ఆమె చదవకుండానే మార్కులు తెచ్చుకోవడం చూసి నా కడుపు మండింది. ఆమె చేతిలో ఏనాడూ ఒక మంచి పుస్తకం చూడలేదు నేను.

ఆదివారాల్లో మేమంతా ఒక పాత ప్రశ్నపత్రం పెట్టుకుని టైము చూసి రాసేవాళ్ళం. ఎవరి పేపరు వాళ్ళు దిద్దుకోకూడదు. ఎదురుగా ఉన్నవాళ్ళతో మార్చుకోవాలి. అట్లా ఒకరోజు ఆమె పేపరు నా చేతికొచ్చింది. ఆరోజు తప్పులు పట్టే ప్రశ్నలే ఎక్కువ. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, ఏ ముక్కలో తప్పుందో గుర్తించమంటారు. అయిదో గడి 'తప్పు లేదు' అని. ఎర్రపెన్ను పట్టుకుని చాలా సంతోషంగా మొదలుపెట్టాను. ఆమె ఎక్కడ పడితే అక్కడ అయిదో గడి నింపి ఉంది. తెలియనివన్నీ అందులో పడేసిందనుకుని, జవాబుల కాగితం రాకముందే కొన్ని కొట్టేశాను.

ఈలోగా ఆమె నా పేపరు తిరగేసి, "అదేందక్కా, నువ్వు అయిదో గడి పెట్టనే లేదే! ఒక్కటి గూడా లేదు" అంది.

"తప్పే లేనప్పుడు ప్రశ్న ఏంటికి ఇస్తారు?" అన్నాను.

"మరి వాళ్ళకు పనిలేకనా ఆ గడి గీసింది? బాగుండేదాన్ని బాగుండాదని చెప్పేదానికి గూడా మార్కు ఇస్తారక్కా." పక్కవాళ్ళకు వినబడేటట్టు నవ్వింది. "ఇది సూడు. రైతు కాయలు అమ్మేసినాడు, అంతే కదా. దీంట్లో 'హ్యాజ్' తప్పని పెట్టి పక్కన 'హ్యాడ్' అని రాసినావు. ఆయప్ప ఏం పాపం చేసినాడని?"

"గమ్మునుండు మే. నీకు కోచింగులో చెప్పిందే లోకం" అన్నాను.

జవాబుల కాగితం వచ్చింది. నేను కొట్టేసినవి ఒక్కొక్కటీ మళ్ళీ సరి అని వేయాల్సి వచ్చింది. ఎర్ర గీతల మీద ఎర్ర టిక్కులతో ఆ పేపరు అసహ్యంగా తయారైంది. ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను.

కానీ పరీక్ష దగ్గరపడుతోంది. కోపంతో కటాఫ్ రాదు. ఆదివారాల్లో రాసిన నా పాత మాక్ పేపర్లన్నీ తీసి చూశాను. నిజంగా తప్పున్న వాక్యాల్లో నేను దాదాపు ఎక్కడా పోగొట్టుకోలేదు. పోయినవన్నీ శుభ్రమైన వాక్యాలే. వాటిలో ఏదో దాచి ఉంటారని వెతికి, లేని తప్పు కల్పించి, మార్కుతో పాటు నెగిటివ్ మార్కు కూడా తెచ్చుకున్నాను. ఎన్నో పుస్తకాలు చదివినదాన్నన్న గర్వంతో, తప్పు లేదు అనడం నాకు చేతకాలేదు.

అప్పటినుంచి ప్రతి వాక్యంలో క్రియను మూడే మూడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను: నువ్వు ఎవరి పనివి, ఎప్పటి పనివి, నీ ముందున్న సహాయక క్రియతో నీకు పొసుగుతుందా. మూడింటికీ సరైన జవాబు వస్తే అయిదో గడి పెట్టి ముందుకు పోవడం, వెనక్కి చూడకపోవడం. రాయడానికి తేలికే. చేసేటప్పుడు ప్రతిసారీ ఓడిపోయినట్టు ఉండేది. మా అమ్మ చూసి, "పంటినొప్పి మాదిరి ఏంది ఆ మొగం?" అనేది.

తిరుపతిలో పరీక్షా కేంద్రంలో మా ఇద్దరికీ ఒకే పూట పడింది. గేటు దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, అయిదోది మర్సిపోవద్దు" అంది. చెయ్యి విడిపించుకున్నాను. లోపల కంప్యూటర్ మీద చాలా మామూలు వాక్యం ఒకటి వచ్చింది. మూడు ప్రశ్నలూ అడిగాను. తప్పు కనబడలేదు. వెతకాలని వేళ్ళు జివ్వుమన్నాయి. అయిదో గడి నొక్కి, వెంటనే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను.

ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్ కూడా దాటాను. ఆమె కూడా దాటింది, నాకంటే ఎక్కువ మార్కులతో. ఆమెకు తిరుపతిలో బ్రాంచి వచ్చింది. నాకు పలమనేరు వచ్చింది, రోజూ బస్సెక్కుతున్నాను. ఉద్యోగం వచ్చిన సంతోషం ఎంతుందో ఆ తిరుపతి మీద మంట కూడా అంతే ఉంది. తగ్గిందని చెప్పను.

సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను, కానీ పేర్లు వద్దని వాళ్ళే అన్నారు. మూసేవేళ దాటినా లైట్లు ఆర్పకుండా కూర్చున్న లైబ్రరీ సారుకు, పరీక్షలకు సెలవిచ్చి జీతం కోయని కొట్టు యజమానికి, పండగ బట్టల పని ఒత్తిడిలో కూడా కాజాలు కుట్టమని నన్ను పిలవని నాయనకు, నా మొగం భరించిన అమ్మకు దండాలు. బంగారుపాళ్యం అమ్మాయిని ఈ వరసలో చేర్చకుండా ముగించాలని చూశాను. ఎన్నిసార్లు తిరగరాసినా అది అబద్ధంగానే కనిపించింది. కాబట్టి, ఆమెకు కూడా.