ఊశన్న తండ్రి ఎవరు?

ఆ రోజుల్లో మాకు తెలిసింది తక్కువ, ధైర్యం ఎక్కువ. వనపర్తిలో డిగ్రీ చదువుతున్న కాలం అది (చదువుతున్నానని ఇంట్లో అనుకుంటున్న కాలం అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది). నాకొక జిగ్రీ దోస్తు ఉండేవాడు. సోడాబుడ్డి కళ్లద్దాల వల్ల వాణ్ణి ఊరంతా చష్మా అనే పిలిచేది, అసలు పేరు వాళ్లమ్మకు కూడా గుర్తుండేదో లేదో. వాడి మేనమామ నడిపే నెట్ సెంటర్లో కరెంటు ఉండి, గిరాకీ లేకపోతే మమ్మల్ని ఊరికే కూర్చోనిచ్చేవాడు. ఆ కూర్చోవడంలోనే మాకొక ఆట గురించి తెలిసింది. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న కంప్యూటర్ గేమ్. వచ్చే ఏడాది విడుదలట. బొమ్మ ఒకటి చూపించారు గానీ హీరో పేరు మాత్రం కంపెనీవాళ్లు దాచిపెట్టారు. ప్రపంచంలో పనిలేని కుర్రాళ్లందరూ ఒక ఫోరంలో చేరి ఆ పేరు ఏమై ఉంటుందా అని రాత్రింబవళ్లు కొట్లాడుకుంటున్నారు. ఒకడు కత్తి మీది గీతలు అక్షరాలేనంటాడు, ఇంకొకడు పాత ఆటల్లోని తాతముత్తాతల పేర్లన్నీ తవ్విపోస్తాడు.

వాళ్ల తిప్పలు చూస్తే నాకు జాలేసింది. పుట్టిన నక్షత్రం తెలిస్తే అక్షరం తెలుస్తుంది, అక్షరం తెలిస్తే పేరు సగం తెలిసినట్టే. ఇంత చిన్న సంగతి అన్ని దేశాల మేధావులకు తట్టకపోవడం ఏమిటి? హీరో పుట్టుక గురించి కంపెనీవాళ్లే నాలుగు ముక్కలు రాశారు కదా! కోతల కాలం, చలి, నిండు చంద్రుడు. తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి ఎవరన్నది రహస్యం. ఒక కమ్మరి పెంచుకున్నాడు. "అరె, గింత ఉన్నంక ఇంకేం గావాలెరా? మీ అయ్యగారి తాన్కి పోదం పా" అన్నాడు చష్మా, నా తెలివికి మురిసిపోతూ.

మా ఇంటి పురోహితులైన అయ్యగారు అప్పుడు మా అన్న లగ్గం పనిలో ఉన్నారు. అన్న హైదరాబాదులో ఉద్యోగం చేసేవాడు. గద్వాలలో పిల్లను చూసి వచ్చినప్పటి నుంచీ తనలో తనే నవ్వుకుంటూ, పిలిస్తే పలకకుండా, అన్నంలో మజ్జిగకు బదులు నీళ్లు పోసుకుంటూ తిరుగుతున్నాడు. ఆ సంబంధం తప్పితే వాడు మనిషిగా మిగలడని మా అందరికీ అర్థమైపోయింది. ముహూర్తం ఒక్కటే మిగిలింది. అలాంటి సమయంలో మేం పోయి అయ్యగారి ముందు కూర్చున్నాం. కంప్యూటర్ ఆటలో మనిషికి పేరు కావాలంటే తరిమేస్తారని, "ఒక పిలగానికి పేరు జూడాలె అయ్యగారూ" అన్నాను.

"ఎవల పిలగాడు? తల్లి ఏది?"

"కాన్పుల్నే పోయిందంట."

"అయ్యయ్యో. మరి తండ్రి?"

"తండ్రి పేరు ఇప్పుడే బయటపెట్టరంట అయ్యగారూ. ఆఖర్ల చెప్తరంట."

అయ్యగారు పంచాంగంలోంచి తలెత్తి నన్ను చాలాసేపు చూశారు (గణితంలో మునిగిన పండితులు అలాగే చూస్తారు కాబోలు అనుకున్నాను). "మరెవలు సాదుతుండ్రు?" అన్నారు గొంతు తగ్గించి. "ఒక కమ్మరాయన" అన్నాడు చష్మా. అయ్యగారు ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుని లెక్క వేశారు. కోతలు, చలి, పున్నమి అంటే కార్తీక పున్నమి. నక్షత్రం కృత్తిక, మూడో పాదం, ఊ అక్షరం. "ఊశన్న అని పెట్టుకోండ్రి. సల్లగుంటడు" అని దీవించి, దక్షిణ కూడా వద్దన్నారు. మేం పరుగున వచ్చి ఆ పేరు ఫోరంలో పెట్టేశాం. ఎక్కడో మంచు దేశం కుర్రాడొకడు, పేరు వింటుంటేనే పాతకాలపు వీరుడిలా ఉందని రాశాడు. ఇక మా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ వారంలోనే అయ్యగారు ముహూర్తం మాట్లాడటానికి గద్వాల పోయారు. మా ఇంటి మంచీచెడ్డా అడిగితే, అబద్ధం నోటికి రాని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ ఇంటి చిన్నోడు తల్లిలేని పసిగుడ్డుకు పేరు అడిగిండు, తండ్రి పేరు దాస్తుండ్రు అని. మిగతాది పిల్ల తండ్రి సొంతంగా పూరించుకున్నాడు. ఆయన పల్లీల వ్యాపారి, కాయను పట్టుకుంటేనే లోపల గింజ ఎట్లాంటిదో చెప్తాడని పేరు. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దమనిషిని, అయ్యగారిని వెంటబెట్టుకుని మా ఇంట్లో దిగాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. "మీ పెద్దోడు పట్నంల ఏం జేస్తుండో మాకు తెల్వదనుకున్నరా? ఆ పిలగాడు ఎవలకు పుట్టిండు?" అన్నాడు. అమ్మ ఉన్నచోటే కూలబడింది. బట్టలు కొనడానికి సెలవు పెట్టి వచ్చిన అన్న ముఖం తెల్లగా పాలిపోయింది. "ఏ పిలగాడు? నాకేం తెల్వదు మామా" అంటూ వెనక్కి జరుగుతుంటే, నిజం చెప్తున్నవాడు కూడా దొంగలా కనిపించాడు.

"ఆడు పిలగాడు గాదు మామా, గేమ్" అన్నాను నేను. ఆ మాటతో వ్యవహారం ఇంకా చెడింది. చెప్పేకొద్దీ అబద్ధంలా ఉంది. చివరికి అందరినీ నెట్ సెంటర్‌కి నడిపించాను. బజారంతా మమ్మల్నే చూసింది. మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చష్మా బొమ్మ తెరిచాడు. ఆ కాలపు నెట్ సంగతి తెలిసిందే కదా, బొమ్మ పైనుంచి కిందికి చారలు చారలుగా దిగుతుంది. ముందు చంద్రుడు వచ్చాడు. "సూసిండ్రా, పున్నమి!" అన్నారు అయ్యగారు, తన లెక్క తప్పనందుకు మురుస్తూ. తరవాత జుట్టు, ఆ తరవాత కోరమీసం. "ఓరి నీ! పసిగుడ్డన్నరు గదరా!" అంది అమ్మ. మొత్తం దిగేసరికి హీరో, వెనక కమ్మరి, ఆ వెనక సింహాసనం మీద రాజు కనిపించారు.

పిల్ల తండ్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన అనుమానం ఇంకా తీరలేదు. "సరే, ఆటనే అనుకుందం. తండ్రి ఎవలు మరి?" అన్నాడు. కంపెనోళ్లు చెప్పలేదు, వచ్చే సాలు ఆట వస్తేగాని తెల్వదు అన్నాను. ఆయన తెర దగ్గరికి వంగి, పల్లికాయ చూసినట్టే చూశాడు. "ముక్కు జూడుండ్రి. కిరీటమాయనదే." పెద్దమనిషి వంగి, "దవడ గూడ గంతే" అన్నాడు. చష్మా మేనమామ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి, "కమ్మరాయనది చప్పిడి ముక్కు సాబ్, రాజుదే ఈ పని" అని తేల్చాడు. "ఆ తల్లి ఎంత ఏడ్చిందో పాపం" అని మా అమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పుడు పిల్ల తండ్రి మెల్లగా మా అన్న వైపు తిరిగి, వాడి ముక్కును తేరిపార చూశాడు. మా వంశంలో అందరిదీ చట్టి ముక్కే. అన్న ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "ఈ పిలగానికి సంబంధం లేదు. లగ్గం పెట్టుకుందం" అన్నాడాయన. ఆ క్షణాన మా వంశపు ముక్కు మీద నాకు కలిగినంత ప్రేమ మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

లగ్గం దివ్యంగా జరిగింది. ఆట కూడా ఆ మరుసటేడు వచ్చిందట గానీ, దాన్ని మోసే శక్తి ఆ నెట్ సెంటర్ కంప్యూటర్లకు లేకపోయింది. ఆ తరవాత పరీక్షలు, ఉద్యోగాలు, చష్మా దుబాయి ప్రయాణం. హీరో పేరేమిటో, తండ్రి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడైతే ఫోన్లో చిటికెలో తేలిపోతుంది. జుట్టు సగం నెరిసినవాణ్ణి, ఒక్కోసారి ఒంటరిగా ఉన్నప్పుడు వేలు అందాకా పోతుంది కూడా. కానీ రాజు కాకుండా మరొకరెవరో తేలితే ఏం కాను? మామకు వయసు మీదపడింది, అన్నకు పిల్లలు ఎదిగారు. పచ్చగా సాగుతున్న సంసారం, ఎందుకొచ్చిన గొడవని ఫోను పక్కన పెట్టేస్తాను.