ఎల్లయ్య రీడింగు పుస్తకం

ఒక నోటు పుస్తకాన్ని ఇన్నేళ్లుగా దాచుకుంటూ వస్తున్నాను. ఫ్లాట్ మారినప్పుడల్లా అదీ నాతో మారింది. ఈ పరాయి దేశంలో యూ టీ పేట నుంచి పుంగ్గోల్ పేటకి కూడా తెచ్చాను. పట్టుమని వంద పేజీలు లేవు. అయినా మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పుకోగలుగుతున్నాను.

ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజులవి. ఇక్కడే జురాంగ్ ఈస్ట్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. మాకు ఒక మేకల ఫారం పని వచ్చింది. మేకల పెంట కుళ్లితే మీథేన్ పుడుతుంది, అది గాల్లో కలిస్తే భూమి వేడెక్కుతుంది. అందుకని పెంటనంతా గోతిలో వేసి, పైన రబ్బరు షీటు కప్పి, గ్యాసును గొట్టంతో లాగి మండించేవారు. గొట్టానికి ఒక మీటరు. గాల్లోకి పోకుండా ఎంత గ్యాసు ఆపామో లెక్కగట్టే ప్రోగ్రాం నాది.

మీటరు చూసి రాసేది ఎల్లయ్య. జగిత్యాల వైపు మనిషి, వర్క్ పర్మిట్ మీద వచ్చాడు, నాకంటే పదేళ్లు పెద్ద. ఇంగ్లీషు రాదు. రోజూ అంకెలు రాసి, చెప్పాల్సిందేమైనా ఉంటే పక్కన తెలుగులో రాసేవాడు. అక్కడ తెలుగు చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. వారానికోసారి వెళ్లి ఆ అంకెలు ఎక్కించుకునేవాణ్ని. వెళ్లినప్పుడల్లా మేకపాలతో టీ పెట్టి ఇచ్చేవాడు. ఆ వాసన నాకు పడదు. ఆయన మొహం చూసి తాగేవాణ్ని.

ఒక వారం అంకెలు సగానికి పడిపోయాయి. పక్కన వంకర అక్షరాలతో రాసి ఉంది: షీటు చినిగింది, గ్యాసు పోతుంది, పెద్దసారుకు చెప్పండి.

చదివాను. రెండు రోజుల్లో మా ప్రోగ్రాం డెమో. ప్రోగ్రాంలో తగ్గిన అంకెలు తీసేసి, పాత వారాల సగటు వేశాను. డెమో అయ్యాక చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? డెమో అయింది, అందరూ మెచ్చుకున్నారు, ఇప్పుడు చెబితే ఆ అంకెలు ఎక్కడివని అడుగుతారు కదా అని ఈ వారం వచ్చే వారమంటూ జరుపుకుంటూ పోయాను.

తనిఖీకి వచ్చినాయన ఆ చిరుగు పట్టుకున్నాడు. ఎల్లయ్య పెద్దసారు అనే ఫారం మేనేజరు మమ్మల్నిద్దరినీ గోతి దగ్గరికి పిలిచాడు. పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీదే వేలు పెట్టి, ఇదేమిటని ఇంగ్లీషులో నన్నడిగాడు.

“వాన పడిందని రాశాడు,” అన్నాను.

ఎల్లయ్యకు ‘రెయిన్’ అన్న మాట తెలుసు. నా మొహంలోకి చూశాడు.

“వాన గాదు గద సారూ. షీటు చినిగిందని రాసిన. మీరు సదివిండ్రు గద?”

ఏమంటున్నాడని మేనేజరు మళ్లీ నన్నే అడిగాడు.

“సారీ చెబుతున్నాడు.”

చిరుగు సంగతి చెప్పలేదన్న నెపంతో వారం తిరక్కుండా ఎల్లయ్య పర్మిట్ రద్దయింది. ఊరికి పంపేశారు. పుస్తకం నేను బ్యాగులో వేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఇది రాస్తూ నాలుగుసార్లు లేచాను. కిటికీ దాకా వెళ్లడం, రావడం. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, నిజమే. కానీ ఆ రెండు అబద్ధాలూ ఆడేటప్పుడు నాలో ఉన్నది భయమేనా? అడ్డు చెప్పగలిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరన్న ధీమా కూడా ఉంది. అది గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది. ఆయన్ని వెతికే ప్రయత్నమైనా చేశానా? చేయలేదు. దొరికితే ఏం చెప్పాలో తెలియక చేయలేదు.

మొన్న మా అమ్మాయి అలమర సర్దుతూ ఆ పుస్తకం బయటికి తీసింది. దానికి తెలుగు చదవడం రాదు. పేజీలు తిప్పి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఇదేంటి నాన్నా అంది. వాన అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఉన్నది ఉన్నట్టు చదివి, ఎవరు రాశారో చెప్పాను.

“సో యూ టెల్ ద బాస్ ఆర్ నాట్?” అంది.

చెప్పలేదన్నాను. ఆ పుస్తకం గురించి నేను నిజం పలకడం అదే మొదటిసారి. దానివల్ల ఎల్లయ్యకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరాడింది. ఆడినందుకు సిగ్గేసింది.