గైడులో లేని చేతులు

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు టీచరుకు పిల్లలు పెట్టుకున్న పేరు గైడు మేడమ్. కూలివాళ్ల ఇంట పుట్టి, చెప్పే దిక్కులేక, గైడును కంఠతా పట్టి గట్టెక్కిన మనిషి ఆమె. అందులో లేనిది రాస్తే మార్కు పోతుందని ఇప్పటికీ భయమే.

ఆ రోజు దిద్దిన పరీక్ష పేపర్లు పంచింది. ఒక ప్రశ్నకు 'సినెక్డకీ'కి ఉదాహరణ రాయాలి. అంటే, ఒక భాగం పేరుతో మొత్తాన్ని చెప్పే అలంకారం. గైడు ప్రకారం తెరచాప అంటే ఓడ. వెనక బెంచీ అమ్మాయి మాత్రం 'చేతులు' అని రాసింది. మేడమ్ సున్నా చుట్టింది.

ఆ పిల్ల పేపరు పట్టుకుని లేచింది.

"మా అమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది మేడమ్. ఎవరైనా రాకపోతే సూపర్‌వైజరు 'ఇవాళ చేతులు తగ్గాయి' అంటాడు. మనుషుల్నే కదా అనేది? తప్పెలా అయింది?"

"గైడులో లేదు కదమ్మా."

"మా అమ్మ కూడా లేదు మేడమ్ గైడులో."

తరగతి గొల్లుమంది. మేడమ్‌కు నవ్వు రాలేదు. ఆ గదిలో ఓడను కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు, తనతో సహా. చేతులుగా మాత్రమే లెక్కకెక్కే అమ్మలున్నవాళ్లు సగం మంది. ఇన్నేళ్లూ వాళ్లకు తెరచాపనే వల్లె వేయించింది.

"ఇలా తే" అని పేపరు తీసుకుని సున్నా కొట్టేసి, పూర్తి మార్కులు వేసింది.

"మరి చేతులు అన్నప్పుడు ఆ సూపర్‌వైజరు దేన్ని వదిలేశాడే?" అని అడిగింది.

"నడుమును మేడమ్. ఇంటికొచ్చాక దాన్ని నేనే నొక్కుతాను."